డెబ్బై రెండు వేల వద్దులు

పోయిన ఏడాది శరభ బండిని నడిపి చూసిన పత్రికలవాళ్ళందరూ కూడబలుక్కున్నట్టు ఒకటే మాట రాశారు: గేదె. ఆరువందల యాభై సీసీ ఇంజను, జంట సిలిండర్లు, స్పోర్ట్స్ బైకు అని గొప్ప పేరు, తీరా మలుపులో వంచితే మళ్ళీ లేవడానికి బద్ధకించే గేదె! పామిడి బయట హైవే పక్కన ఆ బండిని తయారుచేసే చిత్రావతి మోటార్స్‌లో ఆ మాటకు కడుపు మండని మనిషి లేడు. అందరికంటే ఎక్కువ మండింది శాంభవికి. గుంతకల్లు రైల్వే షెడ్డు ఫిట్టరు కూతురు, ముప్ఫై ఆరేళ్ళ మనిషి, కంపెనీలో ఎలక్ట్రానిక్స్ విభాగానికి పెద్ద. మాట పడి ఊరుకునే రకం కాదు.

ఇక చూడండి, పద్నాలుగు నెలలు ఆ బండిని పట్టుకుని పీకి పాకం పెట్టారు. సైలెన్సర్ మార్చి, చక్రాలు మార్చి, సీటు కింది ఇనుప చట్రం మార్చి పదకొండు కిలోల బరువు దించారు. ముందు ఫోర్కులను తలకిందులు చేసి బిగించారు. హెడ్‌లైటు పక్కన ముక్కుపుటాల్లాంటి రంధ్రాలు పెట్టి ఇంజనుకు గాలి దండిగా ఆడేట్టు చేశారు. డెబ్బై ఒకటి ఉన్న హార్స్‌పవర్ ఎనభై నాలుగుకు ఎక్కింది. మోకాళ్ళు ఆనేచోట ట్యాంకును నొక్కి సన్నం చేశారు, వెనక భాగాన్ని కోసి పైకి లేపారు. ఆగి ఉన్నా పరిగెత్తబోతున్నట్టు కనిపించే సొగసు వచ్చింది దానికి. అయితే ఇవన్నీ చేతిలో పనిముట్లున్న ఎవడైనా చేయగలడు. శాంభవి చేసింది ఎవరూ చేయనిది.

మనిషి వంగాలనుకున్న క్షణానికీ, చెయ్యి కదిలే క్షణానికీ నడుమ రెప్పపాటు కంటే తక్కువ కాలం ఖాళీగా పోతుంది. ఆ కాస్తసేపూ కబురు నరాల్లో ప్రయాణిస్తూ ఉంటుంది. శాంభవి ఆ కబురును దారిలోనే పట్టుకుంది. హ్యాండిల్ పిడుల్లో వెంట్రుకంత సన్నటి వెండి తీగలు పరిచి, సీటు కింద టిఫిను డబ్బా అంత పెట్టె ఒకటి బిగించింది. అరచేయి కదలకముందే ఆ పెట్టె కబురు చదివేసి, హ్యాండిల్‌కున్న చిన్న మోటారుతో బండిని వంచేస్తుంది. వెంటనే అరచేతికి చిటికెడు కరెంటుతో జవాబు పంపుతుంది: విన్నాను, ఇక నువ్వు వదిలెయ్. చెయ్యి అనవసరంగా అదిరినా, భయంతో బిగుసుకున్నా ఇంకో రకం జవాబు: వద్దు. ఆ 'వద్దు' తగలగానే చెయ్యి జోకొట్టిన పసిబిడ్డలా నెమ్మదిస్తుంది. కంపెనీ షెడ్డులో దానికి నాడి పెట్టె అని పేరు పడింది.

పెట్టెకు మనిషి నాడి నేర్పిన గురువు శాంభవి తమ్ముడు వన్నూరప్ప. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, కంపెనీ టెస్టు రైడరు. రోజుకు అరవై చుట్లు, ఎండలో, గాలిలో, అతని అరచేతులు చెప్పిందల్లా పెట్టె దాచుకుంది. రేపు శరభ కొన్న ప్రతివాడి సీటు కిందా ఉండబోయేది వన్నూరప్ప నాడే. ఆ మాట చెప్పేటప్పుడు శాంభవి ముఖంలో గర్వం దాగేది కాదు. ఎందుకు దాగాలి చెప్పండి, తమ్ముడు కదా!

ఆ మంగళవారం ఉదయం వన్నూరప్ప రెండు పాయింటు నాలుగు కిలోమీటర్ల ట్రాకును నిమిషం నాలుగు సెకన్లలో చుట్టి వచ్చాడు. పాత శరభకు నిమిషం పదకొండు పట్టేది. షెడ్డులో ఈలలే ఈలలు. బండి వ్యవహారమంతా చూసే కృపాకర్, హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు, ఎప్పుడూ ఇస్త్రీ నలగని మనిషి, ఆయన కూడా చప్పట్లు కొట్టాడు.

వన్నూరప్ప బండి దిగాడు. టీ బల్ల అతనికి ఎడమవైపు నాలుగు అడుగుల్లో ఉంది. అతను కుడికి తిరిగాడు. తిరిగి, తిరిగి, ముప్పావు చుట్టు చుట్టి టీ బల్ల ముందు నిలబడ్డాడు.

"ఏమిరా, టీకి కూడా ప్రదక్షిణమేనా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. వన్నూరప్పా నవ్వాడు. అక్కవైపు మాత్రం చూడలేదు. నిమిషం నాలుగు సెకన్ల సంబరంలో ఉన్న శాంభవి దాన్ని అంతగా పట్టించుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడింట్లో భోజనం. వన్నూరప్ప ఇంకా స్నానం చేస్తుండగా, అతని భార్య అలివేలు శాంభవిని వంటింట్లోకి లాగి తలుపు దగ్గరికేసింది. ఆమె కుడి మోచేతికి కట్టు ఉంది.

"వదినా, మీ తమ్మునికి ఏమో అయింది," అంది. "పాలప్యాకెట్టు తెమ్మంటే అర్ధగంట. అంగడి యాడో ల్యా, గడప దాటి ఎడమకు పోతే నాలుగో ఇల్లు. ఆయప్ప కుడికి పోతాడు. మగ్గాల వీధంతా చుట్టుకొని, రేషన్ అంగడి ముందర నుంచి ఆ పక్కకొస్తాడు. మిద్దె మీద నుంచి చూసినా."

"ఏందో ఆలోచన చేసుకుంటా పోయింటాడు లేమ్మా."

"ఆలోచనా?" అలివేలు కట్టు ఉన్న చెయ్యి పైకెత్తి చూపింది. "మొన్న మెట్ల మీద కాలు జారినా. ఆయప్పకు ఎడమ పక్కనే ఉండా, ఇంత దూరం. చెయ్యి చాపితే అందుతా. చాపలే వదినా. ఆయప్ప కుడికి తిరిగి, ఒక చుట్టు తిరిగి వచ్చేలోపల నేను కింద పడిపోయినా. ఆ పొద్దు ఆయప్ప ఏడ్చింది చూస్తే నాకు దెబ్బ నొప్పే తెలీలే."

వన్నూరప్ప తల తుడుచుకుంటూ రాగానే శాంభవి పెరట్లోకి తీసుకుపోయి ఎదురుగా నిలబెట్టింది.

"ఎడమకు తిరుగు."

"ఎందుకక్కా ఇప్పుడు? అన్నం చల్లారిపోతాది."

"తిరుగురా!"

అతను తిరగబోయాడు. కాలివేళ్ళు నేలను పట్టుకున్నాయి, మెడ నరాలు పొంగాయి, నుదుటి మీద చెమట పట్టింది. ఒళ్ళు మాత్రం కదల్లేదు. కాళ్ళూ చేతులూ చక్కగా ఉన్న మనిషి, మేడ ఎక్కి దిగే మనిషి, నూట ముప్ఫై వేగంలో బండి తోలే మనిషి, ఎడమవైపు జానెడు తిరగలేక నిలబడిపోయాడు. అరనిమిషం తర్వాత గబుక్కున కుడికి చుట్టు తిరిగి ఆ వైపుకు ముఖం పెట్టాడు, తప్పు చేసి దొరికిపోయినవాడిలా.

"ఎడమ యాడుందో తెలుసక్కా," అన్నాడు మెల్లగా. "పోదామనే అనుకుంటా. అనుకున్న జాగాలోనే ఎవరో పట్టుకొని వద్దు అంటారు. అంతే, ఆడికి నిలిచిపోతాది."

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండు నెల్లు."

"రెండు నెల్లా! నోట్లో ఏం పెట్టుకున్నావురా? నాకెందుకు చెప్పలే?"

"చెప్తే బండి ఆపేస్తావు," అన్నాడు వన్నూరప్ప. "గేదె అన్నారని నువ్వు బువ్వ తినకుండా ఏడిస్తివి కదా. నేను చూసినా."

శాంభవికి అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. ఏడిస్తే వాడు ఇంకా కుంగిపోతాడని పళ్ళు బిగబట్టి లోపలికి నడిచింది.

అనంతపురంలో డాక్టరు తల నుంచి కాలిదాకా స్కాన్లు తీసి, "నరం ఎక్కడా తెగలేదమ్మా, అన్నీ బాగున్నాయి," అన్నాడు. బాగుంటే మరి ఈ ఖర్మేమిటి? జవాబు ఆస్పత్రిలో దొరకదని శాంభవికి అప్పటికే లోలోపల తెలుసు. మరునాడు పొద్దున్నే ల్యాబులో కూర్చుని పద్నాలుగు నెలల రికార్డులు తెరిచింది. పెట్టె ఎన్ని కబుర్లు విన్నదీ ఇన్నాళ్ళూ చూసుకుని మురిసిపోయింది గానీ, అది ఎన్నిసార్లు 'వద్దు' అన్నదో ఆమె ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడిగింది.

డెబ్బై రెండు వేలు.

ఒక్కొక్కటే తెరిచి చూసింది. ప్రతి 'వద్దూ' కుడి మలుపు చివర్లోనే ఉంది. వంగిన బండిని నిలబెట్టాలంటే మనిషి ఒళ్ళు ఎడమకు తూగాలి. వన్నూరప్ప ఒళ్ళు ప్రతిసారీ ఎడమకు పోదామనుకుంది. పెట్టె ప్రతిసారీ దాన్ని అదురు అనుకుని వద్దంది, బండిని తానే నిలబెట్టేసింది. చుట్టుకు నాలుగు మలుపులు, రోజుకు అరవై చుట్లు, మూడు వందల రోజులు. అన్నిసార్లు వద్దనిపించుకుంటే ఏ ఒళ్ళు మాత్రం మళ్ళీ అడుగుతుంది?

ఎడమను పెట్టె ఎందుకు గుర్తుపట్టలేదు? ఇది చెప్పడానికి శాంభవికే సిగ్గేసింది. ఆ ట్రాకు నడుమ సుంకులమ్మ గుడి ఉంది. నాలుగు బండరాళ్ళ గుడి, మనిషి ఎత్తు కూడా ఉండదు. భూమి ఇచ్చేటప్పుడు పక్క ఊరివాళ్ళు రెండే షరతులు పెట్టారు: తల్లిని కదపకూడదు, తల్లికి టెంకాయ తెచ్చినవాళ్ళను గేటు దగ్గర ఆపకూడదు. సరేనని కంపెనీ గుడి చుట్టూ ట్రాకు వేసింది. మొదటి రోజు పూజారి మారెక్క చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి మూడు చుట్లు ప్రదక్షిణం చేయించింది, తల్లి కుడిచేతి పక్కన ఉండేట్టు. అంతే. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ ట్రాకు మీద ఒక్క బండి కూడా అటునుంచి ఇటు తిరగలేదు. అప్రదక్షిణం ఎవడు చేస్తాడు? చెయ్యకూడదని ఎవరూ చెప్పలేదు, చేద్దామని ఎవరికీ తోచలేదు. ఇంగ్లీషు చదువుకున్న ఇంజనీర్లు ఇరవై మంది, కోట్ల విలువచేసే యంత్రాలు, ఒక్కరికీ తోచలేదు. రోజూ నింపే టెస్టు కాగితంలో 'దిశ' అన్నచోట టిక్కు ముందే అచ్చేసి ఉండేది. అచ్చేయించింది శాంభవే.

మరి ఎడమ మలుపుల లెక్క ఎక్కడిది? దానికామె కంప్యూటరులో ఒక్క వరుస రాసింది. కుడిని అద్దంలో చూపిస్తే ఎడమ అయిపోతుందని. అద్దంలో మనిషికి నరాలుంటాయా? కుడిచేతి వాటమున్నవాడు ఎడమకు వంగే తీరు వేరు, బెదురు వేరు, పట్టు వేరు. అద్దంలోని వన్నూరప్పను నేర్చుకున్న పెట్టె, అసలు వన్నూరప్ప ఎడమకు కదిలితే పోల్చుకోలేక నోరు మూయించింది. ఆ ఒక్క వరుస రాయడానికి తనకు నిమిషం కూడా పట్టలేదని శాంభవికి గుర్తొచ్చింది.

తర్వాత లేచి నేరుగా కృపాకర్ గదికి పోయింది. అంతా చెప్పింది, తన వరుసతో సహా. ఆయన శ్రద్ధగానే విన్నాడు, నోట్సు రాసుకున్నాడు కూడా.

"అంటే సమస్య తెలిసింది, పరిష్కారమూ తెలిసింది," అన్నాడు. "ఎడమచేతి వాటం ఉన్న రైడరును ఒకణ్ణి తీసుకుందాం. నాలుగు నెలలు అటువైపు తిప్పిద్దాం. అసలైన ఎడమ పెట్టెకు దొరుకుతుంది. ఈలోగా డీలర్లకు బండి చూపించే రోజు ఆగదు. పదిరోజుల్లో అన్ని రాష్ట్రాల నుంచి వస్తున్నారు. మొదటి మూడు వేల బండ్లు ఇప్పుడున్న పెట్టెతోనే పోతాయి, తర్వాత సర్దుదాం."

"సార్, ఆ రైడరు కుడి పోతాది."

"పోతుందని ఖాయమా?"

"ఈని ఎడమ పోయింది కదా! ఇంగొకని కుడి కోసి ఈని ఎడమకు అతుకేస్తారా? ఆ మూడు వేలమందికి యాడినుంచి తెచ్చి అతుకేస్తారు?"

"కొన్నవాళ్ళు రోజుకు అరవై చుట్లు తిరగరమ్మా."

"తిరగరు సార్. ఆఫీసుకు పోతారు, ఇంటికొస్తారు. అరవై కాకపోతే ఆరు. నాలుగేండ్లకో ఐదేండ్లకో బిడ్డ పక్కన పడిపోతాంటే చెయ్యి చాపల్యాక నిలబడతారు. అప్పుడు మన పేరు కూడా గుర్తుండదు వాళ్ళకు."

కృపాకర్ గొంతు పెంచలేదు. ఆ మనిషి ఎప్పుడూ పెంచడు, అదే ఆయనతో చిక్కు. సొరుగులోంచి కాగితం తీసి ముందుకు తోశాడు. వన్నూరప్పకు చిన్నప్పటినుంచే నరాల బలహీనత ఉందనీ, కుటుంబసభ్యులుగా తమకు ముందే తెలుసుననీ అందులో టైపు చేసి ఉంది. కాగితం ముందే తయారై ఉందంటే, తమ్ముడు ఎడమకు తిరగడం లేదన్న సంగతి తనకంటే ముందే ఈయన కనిపెట్టాడన్నమాట! శాంభవికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"సంతకం చేస్తే వైద్యం మొత్తం కంపెనీదే. మీ ఇద్దరికీ ఉద్యోగాలు ఉంటాయి," అన్నాడు కృపాకర్.

శాంభవి కాగితాన్ని వెనక్కి తిప్పింది. పెన్ను తీసుకుని తెల్లగా ఉన్న వైపు పెద్ద అక్షరాలతో రాసింది: 'ఈ పెట్టె చేసింది నేను. ఇది మనిషి ఎడమను తినేస్తుంది. దీన్ని ఎవరికీ అమ్మకూడదు.' కింద సంతకం పెట్టి తిరిగి తోసింది.

"ఇది ఎవరూ చదవరు శాంభవీ," అన్నాడు ఆయన జాలిగా.

"అయితే నోటితోనే చెప్తా."

సాయంత్రానికల్లా ఆమె గేటు కార్డు పనిచేయడం మానేసింది. వన్నూరప్పను మాత్రం ఆపలేదు. నిమిషం నాలుగు సెకన్లలో చుట్టగలిగినవాడు అతనొక్కడే మరి. డీలర్ల ముందు మూడు చుట్లు, ఆ తర్వాతే వైద్యమని అతనికి కబురు వచ్చింది.

"చేస్తానని చెప్పినా," అన్నాడు వన్నూరప్ప ఇంటికొచ్చి.

"చేస్తావా?" అలివేలు గయ్యిమంది. "సిగ్గు ల్యా నీకు?"

"మూడు చుట్లు అన్నారు మే. ఏ పక్కకు అని చెప్పలే."

ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది అలివేలు.

మరునాటినుంచి పెన్నేటి ఇసుకలో పని మొదలైంది. ఏరు ఎండిపోయి ఉంది. పొద్దున్నే అలివేలు పాత సైకిలు తోసుకొచ్చేది, వన్నూరప్ప ఎక్కేవాడు, ఎడమకు తిప్పబోయి పడేవాడు. రోజుకు వందసార్లు పడ్డాడు. గడ్డం కొట్టుకుపోయింది, మోకాళ్ళు పగిలాయి. ఇసుక తోలే ట్రాక్టర్లవాళ్ళు ఆగి, "ఇంత వయసొచ్చి సైకిలు రాదాప్పా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. "రాదప్పా, నేర్చుకుంటాండా," అనేవాడు తడుముకోకుండా.

శాంభవి అన్ని రకాలుగా ఆలోచించింది. పెట్టెనే తిరగేసి, 'వద్దు' బదులు 'సరే' అని పంపించి ఎడమను మేల్కొలుపుదామా అని కూడా అనుకుంది. వన్నూరప్ప దండం పెట్టాడు.

"ఇంగ ఏ పెట్టె మాటా నా చేతికి వినిపించద్దక్కా. వద్దు అన్నా నేనే అనాల, సరే అన్నా నేనే అనాల."

తొమ్మిదో రోజు పదకొండు గంటలప్పుడు సైకిలు ఎడమకు తిరిగింది. ఒక్కసారి. జానెడో, మూరెడో. అలివేలు కెవ్వున అరిచింది. మళ్ళీ తిప్పమంటే ఎంత చేసినా తిరగలేదు. అలా ఒక్క మలుపు చేతిలో పెట్టుకుని, అది మళ్ళీ వస్తుందో రాదో తెలియకుండా, వాళ్ళు డీలర్ల రోజుకు సిద్ధపడ్డారు.

ఆ రోజు గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు శాంభవిని ఆపారు. ఆమె పక్కన మారెక్క ఉంది, వెనక టెంకాయల బుట్టతో అలివేలు ఉంది.

"సుంకులమ్మకు పోతాండాం," అంది మారెక్క. "ఆపు చూద్దాం. భూమి కాగితంలో ఏం రాసిందో మీ సారును అడిగిరాపో. రాసిననాడు నేనూ ఏలిముద్ర ఏసినా."

ఆపలేకపోయారు.

షామియానా కింద డీలర్లు నూటయాభై మంది కూర్చున్నారు. మైకులో కృపాకర్ ఎనభై నాలుగు హార్స్‌పవర్ గురించి, పదకొండు కిలోల గురించి, మీ మనసు చదివే బండి గురించి చెబుతున్నాడు. ఎరుపూ నలుపూ శరభ మీద వన్నూరప్ప కూర్చుని ఉన్నాడు. బండి ఎంత అందంగా ఉందో చూసి శాంభవి తల తిప్పుకుంది. ఆ అందంలో తన చేయి కూడా ఉంది మరి.

"మూడు చుట్లు! గడియారం చూసుకోండి!" అన్నాడు కృపాకర్.

వన్నూరప్ప బండి దిగాడు. తాపీగా సీటు ఎత్తాడు, పెట్టె తీగను పీకేశాడు, పెట్టెను తీసి కింద పెట్టాడు. మళ్ళీ ఎక్కి, బండిని కాళ్ళతో నెట్టుకుంటూ కుడికి సగం చుట్టు తిప్పి, ఎప్పుడూ వెళ్ళే దారికి వీపు పెట్టి నిలబెట్టాడు. అటువైపు పోతే నాలుగు మలుపులూ ఎడమవే. షెడ్డువాళ్ళందరికీ ఒక్కసారే అర్థమైంది. ఎవరో అప్రయత్నంగా, "అయ్యో, అప్రదక్షిణం!" అన్నారు. అందరూ మారెక్క వైపు చూశారు.

"తల్లికి కుడేంది, ఎడమేంది?" అని కసిరింది ముసలామె. "ఆయమ్మ నడుమ కూసోనుండాది. మీరే ఒక పక్కకు అలవాటు పడి నా మింద పెడతాండారు. పోనీ ఆ పిల్లోన్ని!"

బండి కదిలింది. నలభై, యాభై వేగంలో తిన్నగా పోయి మొదటి మలుపు చేరింది. మలుపు ఎడమకు తిరిగింది. బండి తిరగలేదు. నేరుగా కంకరలోకి దూసుకుపోయి, దుమ్ము లేపి, పడిపోయింది. షామియానా కింద కొందరు లేచి నిలబడ్డారు, కొందరు ఫక్కున నవ్వారు. శాంభవి పరుగెత్తబోతే అలివేలు కొంగు పట్టుకుని ఆపింది.

"పోవద్దు వదినా. లేస్తాడు."

లేచాడు. బండిని లేపాడు. మలుపు ముందుకు తోసుకొచ్చి మళ్ళీ ఎక్కాడు. ఈసారి పాతిక వేగం. మళ్ళీ కంకరే. ఎడమ అద్దం విరిగిపోయింది. నవ్వులు ఆగిపోయాయి.

ముందు వరుసలో కూర్చున్న కర్నూలు డీలరు, తెల్ల మీసాల మనిషి, మైకు అవసరం లేనంత గట్టిగా అడిగాడు: "ఏమిది? ఆ అబ్బాయికి ఏమైంది?"

"చిన్న ఆరోగ్య సమస్య," అన్నాడు కృపాకర్. "కార్యక్రమం ఇంతటితో..."

"ఆరోగ్య సమస్య కాదు!" శాంభవి షామియానా ముందుకొచ్చి నిలబడింది. "వాడు నా తమ్ముడు. ఈ కింద ఉన్న పెట్టె పద్నాలుగు నెలలు వాని చేతికి ఎడమ వద్దు, ఎడమ వద్దు అని చెప్పింది. ఇప్పుడు వాడు ఎడమకు తిరగల్యాడు. బండి మీద కాదు, నేల మీద కూడా."

"ఈమె మా ఉద్యోగి కాదు," అన్నాడు కృపాకర్.

"ఈ పెట్టె పెట్టుకున్నోళ్ళందరికీ ఇట్లే అవుతాదా?" అని అడిగాడు కర్నూలు డీలరు, కృపాకర్‌ను కాదు, ఆమెను.

"అవుతాది. ఒగనికి ముందు, ఒగనికి వెనక. తప్పు ఎవరిదని అడుగుతారేమో, నాది. దీన్ని చేసింది నేనే." ఆ మాట అన్నాక ఇక తనకు ఏ కంపెనీ గేటూ తెరుచుకోదని శాంభవికి తెలుసు. అయినా గుండెల మీదినుంచి బండరాయి దించినట్టయింది.

అంతలో ఇంజను శబ్దం మళ్ళీ వినిపించింది. అందరి తలలూ అటు తిరిగాయి.

వన్నూరప్ప మూడోసారి మలుపులోకి వస్తున్నాడు. పదిహేను వేగం ఉంటుందేమో, పక్కన పరుగెత్తే మనిషి దాటేసేంత మెల్లగా. ఎనభై నాలుగు హార్స్‌పవర్ బండి గజగజ వణుకుతోంది. మలుపు అంచుకు వచ్చింది, ముందు చక్రం కంకర తొక్కింది. "రా, రా, రా," అని అలివేలు పళ్ళ మధ్య గొణుగుతోంది. చక్రం ఆగింది, ఊగింది, ఎడమకు తిరిగింది. జానెడు. మళ్ళీ జానెడు. బండి తారు మీదికొచ్చి, వంకరటింకరగా, నత్తకు కూడా విసుగొచ్చేంత ఆలస్యంగా, మలుపు మొత్తం తిరిగి అవతల తిన్నగా నిలబడింది.

వన్నూరప్ప అక్కడ ఆపి హెల్మెట్ అద్దం పైకెత్తాడు. కన్నీళ్ళో చెమటో, గడ్డం మీదినుంచి కారుతోంది.

కృపాకర్ చేతిలోని మైకు గరగరమంది. "వన్నూరప్పా, ఆపు. దిగు. అది కంపెనీ బండి."

"బండి మీదే సార్, తీసుకోండి!" అని అక్కడినుంచే అరిచాడు వన్నూరప్ప. "ఎడమ నాది. ఇంగా మూడు మలుపులుండాయి. నా ఎడమ నేను తెచ్చుకొని దిగుతా!"

అద్దం దించుకుని, గేరు వేసి, రెండో మలుపు వైపు బయల్దేరాడు.